నంబరు ప్లేటు కోసం ఎదురుచూస్తున్నారా? ముందు అప్లికేషన్ ఎవరు పెట్టారో కనుక్కోండి

ప్రశ్న: నమస్తే సార్. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. పాతపట్నంలో ఒక మెడికల్ షాపులో పని చేస్తున్నాను. పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి వస్తాను. ఈమధ్య శ్రీకాకుళంలో ఒక షోరూంలో 125 సీసీ బండి ఫైనాన్సు మీద తీసుకున్నాను. పర్లాకిమిడిలో నేననుకున్న రంగు దొరకలేదు, పైగా శ్రీకాకుళంలో హెల్మెట్, సీటు కవరు ఫ్రీ అన్నారు. పసుపు మీద ఎర్ర అక్షరాల టెంపరరీ నంబరు అంటించి, టీఆర్ (టెంపరరీ రిజిస్ట్రేషన్) కాగితం చేతికిచ్చి, "ప్లేటు వచ్చాక ఫోన్ చేస్తాం" అన్నారు. ఇంతవరకు ఫోన్ లేదు. నేను చేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అంటున్నారు. టీఆర్ గడువు ఈ నెలాఖరుతో అయిపోతుందని మొన్ననే చూసుకున్నాను. ఆ తర్వాత కూడా తిరగొచ్చా? మా మేనమామది పాతపట్నమే. "ఏటవుద్దిరా, ఫర్ రిజిస్ట్రేషన్ అని రాయించుకుని తిరుగు, అందరూ తిరుగుతన్నారు" అంటున్నాడు. లేదంటే తన అడ్రస్ మీద ఏపీ నంబరు చేయించుకోమంటున్నాడు. ఇంకో సంగతి, వచ్చే ఆదివారం బండిని రాయగడ తీసుకెళ్లి మజ్జిగౌరమ్మ దగ్గర పూజ చేయిద్దామని అమ్మ పట్టుబడుతోంది. వెళ్లొచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట "ప్రాసెస్‌లో ఉంది" అన్నది. ఏ ప్రాసెసు? ఎవరు మొదలుపెట్టారు? శ్రీకాకుళం షోరూంకి ఇవాళే ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "ఒడిశాలో రిజిస్ట్రేషన్‌కి అప్లికేషన్ పెట్టారా? పెడితే అప్లికేషన్ నంబరు చెప్పండి." నంబరు చెబితే కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో కొట్టి చూడండి, ఫైలు ఎక్కడుందో తెలిసిపోతుంది. చెప్పలేకపోతే మీ ప్లేటు ఆలస్యం కావడం లేదు, అసలు మొదలే కాలేదని అర్థం. నా అనుమానం రెండోదే.

ఎందుకంటారా? 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 41వ సెక్షన్‌లో ఒక మార్పు వచ్చింది. కొత్త బండిని డీలరు ఉన్న రాష్ట్రంలోనే రిజిస్టర్ చేయించేటట్టయితే అప్లికేషన్ డీలరే పెట్టాలి. వేరే రాష్ట్రంలో చేయించుకునేటట్టయితే ఆ పని కొన్నవాడిదే. మీరు కొన్నది ఆంధ్రలో, ఉండేది ఒడిశాలో. కాబట్టి మీ పర్లాకిమిడిలోనే ఉన్న ఆర్టీవో ఆఫీసుకి అప్లికేషన్ వెళ్లాల్సింది మీ పేరున, మీ చేతుల మీదుగా. షోరూంలో బండి అప్పగించిన కుర్రాడికి ఈ తేడా తెలియకపోవచ్చు. రోజూ వచ్చే లోకల్ కస్టమర్లకి చెప్పే మాటే మీకూ చెప్పి ఉంటాడు. మీరేమో ఆయన ఫోన్ కోసం చూస్తున్నారు, ఆయనేమో మీ ఆర్‌సీ కాపీ వస్తే ప్లేటు కొట్టిద్దామని చూస్తుండొచ్చు. మధ్యలో టీఆర్ రోజులు కరిగిపోతున్నాయి.

మీ దగ్గరున్న టీఆర్ మామూలు కాగితం కాదు. గడువు ఉన్నన్నాళ్లూ అదే మీ బండికి రిజిస్ట్రేషన్. దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది, సరిహద్దు అటైనా ఇటైనా. పసుపు మీద ఎర్ర అక్షరాలతో ముందూ వెనకా ఆ నంబరు కనిపించాలి. కొందరు తెల్ల కాగితం మీద ప్రింటు తీసి గ్లాసు టేపుతో అంటిస్తారు, అది చెల్లదు. మీ షోరూంవాళ్లు ఆ పని సరిగ్గానే చేశారు, ఆ మాట చెప్పుకోవాలి.

ఇక నెలాఖరు దాటితే? తిరగకూడదు. ఇందులో అటూ ఇటూ అనడానికి ఏమీ లేదు. గడువు దాటిన మర్నాటి నుంచి చట్టం దృష్టిలో అది రిజిస్ట్రేషన్ లేని బండి. 39వ సెక్షన్ ప్రకారం అలాంటి బండి రోడ్డెక్కకూడదు. ఎక్కితే 192 ప్రకారం మొదటిసారికి 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా. రెండోసారి దొరికితే 5,000 నుంచి 10,000, లేదా ఏడాది వరకు జైలు, లేదా రెండూ. 207వ సెక్షన్ కింద బండిని స్టేషన్‌లో పెట్టేసుకునే అధికారం కూడా పోలీసులకు ఉంది. మీరు రోజుకి రెండుసార్లు రాష్ట్రం దాటే మనిషి. పర్లాకిమిడి పోలీసు వదిలేస్తే పాతపట్నం పోలీసు వదలాలని ఏం లేదు.

మీ మేనమామ గారు చెప్పిన "ఫర్ రిజిస్ట్రేషన్" అనే రాతకి చట్టంలో ఎక్కడా చోటు లేదు. రేడియం షాపులో కొన్ని రూపాయలకి దొరికే స్టిక్కరు అది. ఇంకా చెప్పాలంటే, "నాకు నంబరు లేదు" అని మీరే వెనక రాసుకుని తిరిగినట్టు. అందరూ తిరుగుతున్న మాట నిజమే, నేనూ చూస్తూనే ఉన్నాను. నంబరు ఉండాల్సిన చోట అమ్మవారి పేరు, కింద నిమ్మకాయ, పైన "డాడీస్ గిఫ్ట్". పట్టుబడనంత కాలం ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ జరిమానా దీనిలో చిన్న సంగతి. అసలు దెబ్బ ఇన్సూరెన్స్ దగ్గర తగులుతుంది, అందుకే అక్కడ కొంచెం నిదానంగా చెబుతాను.

రాజస్థాన్‌లో ఒక కాంట్రాక్టరు కొత్త బొలెరో కొన్నాడు. ఇన్సూరెన్స్ ఉంది, 6,17,800 రూపాయలకి. టెంపరరీ రిజిస్ట్రేషన్ 2011 జులై 19తో అయిపోయింది. శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించలేదు. జులై 28న పని మీద జోధ్‌పూర్ వెళ్లి, గెస్ట్‌హౌస్ బయట బండి నిలిపి పడుకున్నాడు. తెల్లారి చూస్తే బండి లేదు. గడువు దాటి తొమ్మిదే రోజులు. క్లెయిమ్ ఇచ్చేది లేదని కంపెనీ అంది. రాష్ట్ర, జాతీయ వినియోగదారుల కమిషన్లు ఆయన పక్షానే చెప్పాయి. చివరికి కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2021 సెప్టెంబరు 30న కోర్టు కంపెనీ వైపే తీర్పు చెప్పింది: రిజిస్ట్రేషన్ లేకుండా బండిని వాడటం పాలసీ షరతుని మూలంలోనే ఉల్లంఘించడం, కాబట్టి కంపెనీ డబ్బు ఇవ్వనక్కర్లేదు.

దొంగతనానికీ నంబరు ప్లేటుకీ ఏం సంబంధం అని మీకు అనిపించవచ్చు. ఆయన తరఫున వాదించినవాళ్లకీ అలాగే అనిపించింది. కోర్టు ఒప్పుకోలేదు. అంతకుముందు 2014లో ఒక యాక్సిడెంట్ కేసులోనూ ఇదే జరిగింది. అక్కడ కూడా టెంపరరీ గడువు దాటాక బండి రోడ్డు మీద ఉంది, డ్యామేజీ క్లెయిమ్ పోయింది. ఆ తీర్పులో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. గడువుకి ముందుగానీ తర్వాతగానీ శాశ్వత రిజిస్ట్రేషన్‌కి అప్లికేషన్ పెట్టినట్టు యజమాని ఏ ఆధారమూ చూపలేదని కోర్టు గుర్తుచేసింది. అందుకే అప్లికేషన్ రసీదు, కట్టిన డబ్బుల రసీదు, షోరూంతో నడిచిన వాట్సాప్ సంభాషణ, ఏదీ పారేయకండి. అలాగని రసీదు జేబులో ఉంది కదా అని బండి తీయకండి. అది అప్లికేషన్ పెట్టినట్టు రుజువు, తిరగడానికి పర్మిషన్ కాదు.

ఇప్పుడు మీ సంగతికి వేసుకోండి. పొద్దున నుంచి రాత్రి దాకా మీ బండి పాతపట్నంలో షాపు బయటే నిలబడి ఉంటుంది. ఫైనాన్సు కిస్తీ బండి ఉన్నా పోయినా కట్టాల్సిందే. ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటారేమో. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూ వీలర్‌కి తప్పనిసరి చేసిన ఆ ఐదేళ్లు థర్డ్ పార్టీకి, అంటే మీ వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి. మీ బండి దొంగతనం, డ్యామేజీ చూసే భాగం మామూలుగా ఒక ఏడాదికే ఉంటుంది. పాలసీ కాగితం తీసి రెండు తేదీలూ విడివిడిగా చూడండి.

మీరు అడగలేదు కానీ మెడికల్ షాపు అన్నారు కాబట్టి చెబుతున్నాను. రోగుల్ని, గాయపడినవాళ్లని తీసుకెళ్లడానికి, ఆపదలో మందులు చేరవేయడానికి అత్యవసరంగా వాడితే 192 వర్తించదని అదే సెక్షన్‌లో ఉంది. ఆ సంగతి ఏడు రోజుల్లోగా రవాణా అధికారులకి తెలియజేయాలి కూడా. ఇది నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పటికి. డ్యూటీకి వెళ్తూ బ్యాగులో రెండు సిరప్ సీసాలు పెట్టుకుంటే సరిపోదు. ఎవరో ఒకరు మీకు ఈ ఉపాయం చెబుతారు, ముందే చెప్పేశాను.

ఇంకా చెడ్డ ఉపాయం కూడా ఒకటి తిరుగుతుంటుంది: ఇంట్లో ఉన్న పాత బండి నంబరు కొత్త దానికి రాయించుకోవడం. దాని జోలికి వెళ్లారో అది జరిమానాతో పోయేది కాదు, క్రిమినల్ కేసు.

మేనమామ గారి రెండో సలహా, ఆయన అడ్రస్ మీద ఏపీ నంబరు. ప్రేమతోనే చెప్పారు, కాదనను. పర్లాకిమిడి వీధుల్లో ఏపీ బండ్లు, పాతపట్నంలో ఓడీ బండ్లు బోలెడు కనిపిస్తాయి, కాబట్టి ఎవరికీ తేడా తెలియదు కూడా. కానీ చట్టం అడిగేది ఒక్కటే: బండి మామూలుగా ఎక్కడ ఉంటుంది? యజమాని ఇల్లో, వ్యాపారమో ఉన్న చోట. మీరు ఆ షాపులో పని చేస్తున్నారు, షాపు మీది కాదు. బండి రాత్రి నిలబడేది పర్లాకిమిడిలో మీ ఇంటి ముందు. కాబట్టి మీకు రావాల్సింది గజపతి జిల్లా నంబరు, ఓడీ 20. అబద్ధపు వివరాలతో రిజిస్ట్రేషన్ తీసుకుంటే 192బీ కింద ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు, దానికితోడు జరిమానా. పోనీ ఎవరూ పట్టుకోలేదనుకుందాం. వేరే రాష్ట్రపు బండి ఒక రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్ చెబుతుంది. అంటే ఆంధ్రకి లైఫ్ ట్యాక్స్ కట్టి, ఏడాది తిరగ్గానే అభ్యంతరం లేదన్న పత్రం, అంటే ఎన్‌వోసీ తెచ్చుకుని, ఒడిశాకి మళ్లీ ట్యాక్స్ కట్టి, ఆంధ్రలో కట్టింది వెనక్కి తెచ్చుకోవడానికి మళ్లీ శ్రీకాకుళం చుట్టూ తిరగడం. గొడవ వదిలిపోదు, వాయిదా పడుతుంది.

సరే, మీరు చేయాల్సిన పని. ఇంట్లో కాగితాలన్నీ ఒకచోట పోసుకుని చూడండి: సేల్ సర్టిఫికెట్ (ఫారం 21), కంపెనీ ఇచ్చే రోడ్‌వర్తీనెస్ సర్టిఫికెట్ (ఫారం 22), ఇన్వాయిస్, ఇన్సూరెన్స్, టీఆర్, పర్లాకిమిడి అడ్రస్ ఉన్న ఆధార్, పాన్. రిజిస్ట్రేషన్‌కి పెట్టేది ఫారం 20. మీది ఫైనాన్సు బండి కాబట్టి దాని మీద ఫైనాన్సు కంపెనీ సంతకం, స్టాంపు పడాలి. సాధారణంగా మనుషులు ఇరుక్కునేది ఇక్కడే. మీకు లోను ఇచ్చిన బ్రాంచి శ్రీకాకుళంలో ఉంటే రేపే వెళ్లి ఆ సంతకం తెచ్చుకోండి, మిగతావి తర్వాత. ఇన్వాయిస్ కూడా లైను లైనుగా చదవండి. ఆంధ్ర లైఫ్ ట్యాక్స్ అని ఎక్కడైనా వేసి ఉంటే అక్కడికక్కడే నిలదీయండి, మీ బండికి ఆ ట్యాక్స్ పడేది ఒడిశాలో. హెల్మెట్ ఫ్రీ అన్నారన్నారు. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ కొత్త టూ వీలర్‌తో పాటు ఇవ్వాలని కేంద్ర నిబంధనల్లోనే ఉంది. అది ఆఫరు కాదు. దానికి బిల్లులో డబ్బు వేశారేమో అదీ చూడండి.

ఆఫీసుకి వెళ్లేముందు ఒక పని తప్పకుండా చేయండి. బండిని వెలుతురులో నిలిపి, హ్యాండిల్‌ని ఎడమకి తిప్పి, హ్యాండిల్ మెడ దగ్గర ఫ్రేము మీద గుడ్డతో తుడిస్తే ఛాసిస్ నంబరు కనిపిస్తుంది. 17 అక్షరాలు, అంకెలు. దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో ఏటవాలుగా రుద్దితే అచ్చు పడుతుంది. ఆఫీసులో పెన్సిల్ ప్రింట్ అని అడిగేది అదే. రెండు మూడు తీసి పెట్టుకోండి. ఆ అచ్చుని పక్కన పెట్టుకుని సేల్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్, టీఆర్ మూడింటి మీదా నంబరు వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే పోల్చండి. 8 బదులు బీ, 5 బదులు ఎస్ పడటం మామూలే. షోరూంలో టైపు చేసేవాడికి అది ఒక్క అక్షరం, మీకు మాత్రం రిజిస్ట్రేషన్ ఆగిపోవడానికి, రేపు క్లెయిమ్ ఇరుక్కోవడానికి అదే చాలు. తప్పుంటే ఇప్పుడే దిద్దించుకోండి.

నియమం ప్రకారం డెలివరీ తీసుకున్న ఏడు రోజుల్లో, ప్రయాణానికి పట్టిన రోజులు తీసేసి, అప్లికేషన్ పెట్టాలి. మీకు ఆ గడువు దాటినట్టే ఉంది. భయపడకండి, కౌంటరులో అడిగి ఆలస్యానికి ఏమైనా కట్టమంటే కట్టేయండి. నెలాఖరులోపు అప్లికేషన్ పడటం ముఖ్యం. బండిని తీసుకొచ్చి చూపించమంటే టీఆర్ బతికుండగానే చూపించండి. ఆ తర్వాత అయితే ఏ ట్రాలీ ఆటోలోనో ఎక్కించి తీసుకెళ్లాలి. ఆఫీసు బోర్డులు ఒరియాలో ఉన్నా ఫారాలు ఇంగ్లీషులో ఉంటాయి, పర్లాకిమిడిలో తెలుగు అర్థం కాని కౌంటరు ఉంటుందని నేననుకోను. బ్రోకరు దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. వెళ్తే ఒరిజినల్ కాగితాలు మాత్రం వదిలి రాకండి.

నెలాఖరుకి పని అవ్వకపోతే బండి ఇంట్లోనే. పాతపట్నానికి ఆటోలున్నాయి, గుణుపూర్–నౌపడ లైను రైలు రెండు ఊళ్లలోనూ ఆగుతుంది. కొత్త బండి ముందు పెట్టుకుని ఆటో ఎక్కడం ప్రాణం మీదికి వస్తుంది, తెలుసు. కొన్నాళ్లే కదా.

నంబరు వచ్చి ప్లేటు రాని రోజులు కొన్ని ఉంటాయి. అప్పటికి ఆర్‌సీ డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో కనిపిస్తుంది, అది పోలీసుకి చూపిస్తే చెల్లుతుంది. బండి రిజిస్టర్ అయింది కాబట్టి పైన చెప్పిన క్లెయిమ్ ప్రమాదం చాలావరకు తప్పినట్టే. అయినా నంబరు పద్ధతి ప్రకారం బండి మీద కనిపించాలన్నది కూడా 39వ సెక్షన్‌లోనే ఉంది, కాబట్టి ఫైను రాయొచ్చు. ఆ కాస్త కూడా ఆగమనే నా మాట. ఆగలేక రేడియం షాపులో ప్లేటు కొట్టించుకోవడం మాత్రం దండగ. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లకి హై సెక్యూరిటీ ప్లేటు కంపెనీయే డీలర్ల ద్వారా ఇవ్వాలి. నంబరు పడగానే ఆర్‌సీ కాపీని శ్రీకాకుళం షోరూంకి పంపి, ప్లేటు వాళ్లు కొట్టిస్తారా, పర్లాకిమిడిలోని అదే కంపెనీ డీలరు దగ్గర బిగిస్తారా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి.

అమ్మగారికి చెప్పండి, ఈ ఆదివారం నిశ్చింతగా వెళ్లొచ్చు. టీఆర్ నడుస్తోంది కదా. కాశీనగర్, గుణుపూర్ మీదుగా వెళ్లినా, ఆంధ్రలోకి దిగి పార్వతీపురం మీదుగా వెళ్లినా చెల్లుతుంది. టీఆర్, ఇన్సూరెన్స్, లైసెన్సు వెంట ఉంచుకోండి. పూజలో పూలదండ, కుంకుమ టెంపరరీ నంబరుని కప్పేయకుండా చూడండి. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి, వెనక కూర్చున్నవాళ్లకి కూడా చట్టం అదే. కొత్త ఇంజను కాబట్టి అంత దూరం ఒకే స్పీడు మీద లాగించకుండా మధ్యలో ఆపుకుంటూ వెళ్లండి.

మీలా కాకుండా సొంత రాష్ట్రంలోనే కొనేవాళ్లకి ఒక మాట. అక్కడ అప్లికేషన్ డీలరు బాధ్యత, పైగా నంబరు బండి మీద కనిపించేదాకా డెలివరీయే ఇవ్వకూడదు. అప్లికేషన్ పెట్టని డీలరుకి ఏడాది రోడ్డు ట్యాక్స్‌కి 15 రెట్లు, లేదా లైఫ్ ట్యాక్స్ అంత, ఏది ఎక్కువైతే అది జరిమానా. కానీ దసరా రోజునే బండి ఇంటికి రావాలని మనమే తొందర పెడతాం, వాళ్లూ ఇచ్చేస్తారు. ముహూర్తం కావాలనుకుంటే రెండు వారాల ముందే డబ్బు కట్టి, రిజిస్ట్రేషన్, ప్లేటు పని పూర్తిచేయించుకుని, బండి మాత్రం పండగ రోజున తెచ్చుకోండి. పక్క రాష్ట్రంలో చవక అన్న భ్రమ కూడా అక్కర్లేదు. జీఎస్టీ దేశమంతా ఒకటే. 350 సీసీ లోపు బండ్లకి 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయిందంటే శ్రీకాకుళంలోనూ అంతే, పర్లాకిమిడిలోనూ అంతే. లైఫ్ ట్యాక్స్ ఎలాగూ సొంత రాష్ట్రానిదే కట్టాలి. మిగిలేది సీటు కవరు.

ప్లేటు బిగించే రోజున మీరు దగ్గరుండండి. ముందు ప్లేటు సన్నగా, 285 మిల్లీమీటర్ల పొడవు, 45 వెడల్పు. వెనకది 200కి 100. ఎడమవైపు నీలం అశోక చక్రం హోలోగ్రాం, దాని కింద లేజరుతో చెక్కిన నంబరు ఉంటుంది. మళ్లీ విప్పడానికి రాని స్నాప్ లాక్‌తో బిగించాలి, మామూలు స్క్రూలు పెడితే ఒప్పుకోకండి. ఆర్‌సీ చేతిలో పట్టుకుని అంకెలు సరిచూసుకున్నాకే లాక్ వేయనివ్వండి. ఆ మర్నాడే ఇన్సూరెన్స్ కంపెనీకి ఆర్‌సీ కాపీ పంపి, పాలసీలో "న్యూ" అని ఉన్నచోట మీ ఓడీ నంబరు ఎక్కించమని అడగండి.